‘కొంచెం ఓపిక నేదు, అంతే’

నాతవరం నుంచి నర్సీపట్నం. అక్కడి నుంచి అనకాపల్లి. ఆ తర్వాత హైవే ఎక్కి అగనంపూడి. టాటా మెమోరియల్ సెంటర్ ఆధ్వర్యంలో నడిచే హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉన్నది అక్కడే. బస్సులు మారుకుంటూ వెళ్తే ఒంట్లో బాగున్న కుర్రాళ్లకే నడుం పట్టేసే దారి.

ఇప్పుడు ఆ దారిలో మీ పెద్దమ్మని కీమోకి తీసుకెళ్తున్నారనుకోండి. ఫైలు మీ చేతిలో ఉంది. రిపోర్టుల పీడీఎఫ్‌లన్నీ మీ ఫోన్లోనే ఉన్నాయి, ఎందుకంటే ఇంట్లో ఫోన్ బాగా వాడటం వచ్చింది మీకే. బస్సు దిగి గేటు దాకా నడిచేలోపు ఆవిడ మూడుసార్లు ఆగింది. “ఏటైంది పెద్దమ్మా?” అంటే “ఏటీ నేదురా, కొంచెం ఓపిక నేదు, అంతే” అంది. లోపల డాక్టరుగారు “నొప్పి ఏమైనా ఉందామ్మా?” అని అడిగారు. “నేదు బాబూ” అంది. అబద్ధమేం కాదు, నొప్పి నిజంగానే లేదు. ఓపిక సంగతి ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు. మీరు కూడా చెప్పలేదు. క్యాన్సర్ కదా, కీమో కదా, నీరసం ఉండదా మరి అనుకున్నారు.

ఈ పెద్దమ్మ నేను ఊహించుకున్న మనిషే. కానీ ఆ గదిలో జరిగిన మాటల తీరు మాత్రం ఊహ కాదు. 1997లో అమెరికాలో ఒక సర్వే ఫలితాలు వచ్చాయి. క్యాన్సర్ రోగుల్నీ, క్యాన్సర్ డాక్టర్లనీ విడివిడిగా అడిగారు: రోజువారీ బతుకుని ఎక్కువ దెబ్బతీసేది నొప్పా, అలసటా? డాక్టర్లలో 61 శాతం మంది నొప్పి అన్నారు. రోగుల్లో సరిగ్గా అంతే మంది, 61 శాతం, అలసట అన్నారు. నొప్పి అన్న రోగులు 19 శాతమే. ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చున్నా, ఇద్దరూ రెండు వేర్వేరు జబ్బుల గురించి ఆలోచిస్తున్నారన్నమాట.

ఆ అలసటకి కారణాలు చాలానే ఉంటాయి. నిద్ర పట్టకపోవడం, దిగులు, తిండి సరిగ్గా దిగకపోవడం, కొన్ని మందులు, థైరాయిడ్... ఇలా. అందులో ఒక్క రక్తపరీక్షతో దొరికిపోయేది, చాలామందిలో ఎంతో కొంత సరిచేయగలిగేది ఒకటుంది. రక్తహీనత. అంటే అనీమియా.

ఆ ఒక్క లైను చూడండి

మీ ఫోన్లో ఉన్న ఆ పీడీఎఫ్ తెరవండి. సీబీపీ అనో సీబీసీ అనో ఉంటుంది. మొదటి రెండు మూడు లైన్లలోనే హిమోగ్లోబిన్ కనిపిస్తుంది. ఎర్ర రక్తకణాల్లో ఉండే ఈ పదార్థమే ఊపిరితిత్తుల నుంచి ఆక్సిజన్‌ని ఒళ్లంతా మోసుకెళ్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దవాళ్లయిన మగవాళ్లకి 13, గర్భంతో లేని ఆడవాళ్లకి 12 కంటే తగ్గితే రక్తహీనత ఉన్నట్టే. క్యాన్సర్ వైద్యంలో 10 దాకా ఉంటే తక్కువ స్థాయి, 8కీ 10కీ మధ్య ఉంటే మధ్యస్థం, 8 కంటే కిందకి పోతే తీవ్రం అని చూస్తారు.

క్యాన్సర్ ఉన్నవాళ్లలో ఇది ఎంత మామూలో తెలుసుకోవడానికి యూరప్‌లో 15 వేల మందికి పైగా రోగుల్ని గమనించారు. 2004లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. చేరిన రోజునే 39 శాతం మందికి రక్తం తక్కువ. తర్వాత నెలల్లో ఎప్పుడో ఒకప్పుడు తక్కువైనవాళ్లని కూడా కలిపితే 67 శాతం. ఊపిరితిత్తుల క్యాన్సర్, ఆడవాళ్లకొచ్చే గర్భాశయ, అండాశయ క్యాన్సర్లకి కీమో తీసుకునేవాళ్లలో ఇంకా ఎక్కువ. నాకు వీటన్నిటికంటే గుచ్చుకున్న అంకె వేరే ఉంది. రక్తం తక్కువైనవాళ్లలో దానికంటూ ఏదో ఒక వైద్యం అందింది సుమారు 39 శాతం మందికే. అది యూరప్, అక్కడే అంత.

మన దగ్గర మొదలే తక్కువ నుంచి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే మన ఇళ్లలో ఎంతోమంది ఆడవాళ్లు ఏ క్యాన్సరూ రాకముందే పదికో పదకొండుకో అలవాటుపడి బతుకుతున్నారు. మెట్లెక్కితే ఆయాసం రావడం, సాయంత్రానికి కాళ్లు లాగేయడం వాళ్లకి వయసుతో వచ్చిన సంగతి. జబ్బు అనే మాటే తట్టదు. అలాంటి మనిషికి క్యాన్సర్ వచ్చి కీమో మొదలయ్యాక 8కి పడిపోతే, “ఎప్పుడూ ఉన్నదే కదా” అని ఊరుకుంటుంది. పాపం, ఆవిడ కొలబద్దే తప్పు.

8 ఉంటే రోజు ఎలా గడుస్తుంది?

క్యాన్సర్ రోగుల ‘జీవన నాణ్యత’ అని డాక్టర్లు పెద్ద మాట వాడతారు. దాన్ని కొలవడానికి ప్రశ్నల పట్టికలే ఉన్నాయి. రక్తహీనత కోసం ప్రత్యేకంగా తయారుచేసినదీ ఒకటుంది, దాన్ని ఫ్యాక్ట్-అనీమియా అంటారు. పట్టిక పక్కన పెట్టి ఇంట్లో చూద్దాం.

పొద్దున్నే లేచి ముఖం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లడం ఒక పని. తిరిగొచ్చి మంచం మీద కూర్చోవడం విశ్రాంతి. స్నానానికి వేణ్ణీళ్లు ఎవరైనా తోడిపెట్టాలి. తల దువ్వుకోవడానికి చేతులు పైకెత్తితే గుండె దడదడలాడుతుంది. ఎండాకాలంలో కూడా చేతులు చల్లగా ఉంటాయి. అన్నం ముందు కూర్చుంటే నమలడమే పెద్ద పని, నాలుగు ముద్దలకే చాలంటుంది. తినకపోతే రక్తం ఇంకా తగ్గుతుంది. పగలంతా కునుకు, రాత్రంతా మెలకువ. మనవరాలు చెప్పిన మాట రెండు నిమిషాల్లో మర్చిపోతుంది. సీరియల్ చూస్తుంది గానీ కథ గుర్తుండదు. పక్కింటావిడ పలకరించడానికొస్తే మాట్లాడే ఓపిక లేక కళ్లు మూసుకుంటుంది. “మనిషి డీలా పడిపోయింది, ఇంక ఆశ వదులుకుంది” అని ఊళ్లో మాట మొదలవుతుంది.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. రక్తం తక్కువై వచ్చిన నీరసాన్ని జబ్బు ముదిరిందని అనుకుంటారు. కొన్ని ఇళ్లలో బద్ధకం అనుకుంటారు, అది ఇంకా ఘోరం. పేషెంటు కూడా అలాగే అనుకుంటే “ఈ కీమో నా వల్ల కాదు, ఇంక తీసుకెళ్లొద్దు” అంటుంది. మందు పనిచేస్తున్నా సరే, మనిషి మధ్యలో ఆపేసే పరిస్థితి వస్తుంది.

ఇంకో నష్టం కూడా ఉంది. హిమోగ్లోబిన్ బాగా తగ్గితే ఆ వారం కీమో వాయిదా పడొచ్చు. నాతవరం నుంచి వెళ్లినవాళ్లకి వాయిదా అంటే ఒక రోజు కూలి, ఇద్దరి బస్సు చార్జీలు, ఆ ఒంటితో రానూపోనూ ప్రయాణం, అన్నీ దండగ. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి రేడియేషన్ ఇచ్చేటప్పుడైతే హిమోగ్లోబిన్ సంగతి మరీ పట్టించుకుంటారు. గడ్డకి ఆక్సిజన్ సరిగ్గా అందకపోతే రేడియేషన్ దాని మీద అంత బలంగా పనిచేయదు.

బెల్లం తింటే రక్తం పడుతుందా?

అనకాపల్లి జిల్లా వాళ్లని ఈ ప్రశ్న అడగడమే తప్పు. బెల్లానికి పేరుపడ్డ ఊరు మనది. పైగా చోడంబలి, బీట్‌రూట్, దానిమ్మ, ఖర్జూరం, మునగాకు అంటూ వాట్సాప్‌లో వచ్చే లిస్టులకి లెక్కలేదు. తినగలిగితే ఇవన్నీ మంచివే. (షుగర్ ఉన్నవాళ్లు బెల్లం, ఖర్జూరం దగ్గర కాస్త ఆగాలి.) నేను వద్దనను. కానీ లెక్క ఒకసారి చూడండి.

100 గ్రాముల చోళ్లలో ఐరన్ సుమారు 4 నుంచి 5 మిల్లీగ్రాములు. మొక్కల నుంచి వచ్చే ఐరన్‌లో ఒంటికి పట్టేది చాలా కొద్ది భాగమే. ఒక సంచీ రక్తకణాల్లో ఉండే ఐరన్ 200 మిల్లీగ్రాముల పైమాట. అందుకే తిండితో మెల్లగా, నెలల మీద పెరగాల్సిందే.

అసలు చిక్కు ఇంకోటి. క్యాన్సర్ ఉన్నప్పుడు ఒంట్లో వాపు ప్రక్రియ నడుస్తుంటుంది. దానివల్ల కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ని ఎక్కువగా తయారుచేస్తుంది. ఇది ఒంట్లో ఐరన్ బీరువాకి తాళంచెవి లాంటిది. ఇది పెరిగితే పేగులు ఐరన్‌ని లోపలికి రానివ్వవు, ఒంట్లో దాచుకున్న ఐరన్ కూడా బయటికి రాదు. బీరువాలో డబ్బుంది, తాళం మాత్రం పడిపోయింది. ఇలాంటప్పుడు బెల్లమే కాదు, ఐరన్ మాత్రలు కూడా పెద్దగా పనిచేయకపోవచ్చు. పెద్దమ్మ నెలరోజులు బీట్‌రూట్ జ్యూస్ తాగినా 8 దగ్గరే ఉందంటే ఆవిడ తప్పేం లేదు, జ్యూస్ చేసిచ్చిన మీ తప్పూ లేదు.

మిగతా కారణాలు కూడా ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటాయి. పెద్దపేగు, కడుపు, గర్భాశయ క్యాన్సర్లలో కనిపించీ కనిపించకుండా రక్తం పోతుంటుంది. కీమో మందులు ఎముకల్లో రక్తం తయారయ్యే మూలుగుని కొన్నాళ్లు నెమ్మదింపజేస్తాయి. సిస్‌ప్లాటిన్ లాంటి మందు కిడ్నీల మీద కూడా ప్రభావం చూపిస్తుంది. రక్తం తయారుచెయ్యమని మూలుగుకి కబురు పంపే ఎరిత్రోపోయెటిన్ హార్మోన్ పుట్టేది కిడ్నీల్లోనే. అంటే ఫ్యాక్టరీ మందగించింది, ఆర్డరు కూడా సరిగ్గా రావడం లేదు.

మన ఉత్తరాంధ్రకి ఇంకో కథ ఉంది. చుట్టని నిప్పు ఉన్నవైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఇక్కడి పెద్ద వయసు ఆడవాళ్లలో మీరు చూసే ఉంటారు. ఈ అలవాటుకీ అంగిలి క్యాన్సర్‌కీ ఉన్న సంబంధం గురించి 1957లోనే వైద్య పత్రికలో రాశారు. అంగిలి మీద పుండు ఉన్న మనిషి ఏం తినగలదు? కారం తగిలితే మంట, గట్టిది నమలలేదు. గంజి, మజ్జిగ అన్నంతో నెలలు గడుపుతుంది. అలాంటి చోట బలమైన తిండి తినమని సలహా ఇవ్వడం తేలికే, తినిపించడమే కష్టం. మెత్తగా ఉడికించిన గుడ్డు, పప్పుకట్టు, చేప ముక్క మెదిపి పెట్టడం లాంటివి ప్రయత్నించాలి. అది కూడా దిగకపోతే డాక్టరుకి చెప్పాలి. ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఇచ్చే పద్ధతి ఉంది. దాన్ని చూసి భయపడాల్సిన పని లేదు.

భీమవరం కుర్రాడు, రెండు మందులు

ఇక్కడ కొంచెం పక్కదారి పడతాను, మళ్లీ వచ్చేస్తాను. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు మీరు జీకే పుస్తకంలో చదివుంటారు. తిన్నది ఒంటికి పట్టకుండా చేసి, రక్తం తగ్గించేసే స్ప్రూ అనే జబ్బుతో ఆయన తోడబుట్టినవాళ్లు పోయారు. ఆయన అమెరికా వెళ్లారు. లెడర్లే ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందం 1945 నాటికి ఫోలిక్ యాసిడ్‌ని ప్రయోగశాలలో తయారుచేసింది. రక్తహీనతలో ఒక రకానికి అది మందు.

అయితే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు, రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకి ఫోలిక్ యాసిడ్ తరహా పదార్థాలిస్తే జబ్బు ఇంకా వేగంగా పెరుగుతున్నట్టు గమనించాడు. అయితే దీనికి ఎదురు తిరిగే పదార్థమిస్తే? సుబ్బారావు బృందం నుంచి అమినోప్టెరిన్ వచ్చింది. దానితో కొందరు పిల్లల్లో జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గిందని 1948లో ఫార్బర్ ప్రకటించాడు. ఇప్పటికీ వాడుతున్న మెథోట్రెక్సేట్ ఆ కుటుంబంలోదే. రక్తం పెంచే మందు, క్యాన్సర్‌ని అణిచే మందు, రెండూ ఒకే తెలుగువాడి బృందం నుంచి, ఒకదానికొకటి ఎదురుగా పుట్టాయి. అదే 1948లో సుబ్బారావు న్యూయార్క్‌లో కన్నుమూశారు.

ఈ కథ ఇప్పుడెందుకంటే, ఐరన్-ఫోలిక్ మాత్రలు మన ఊళ్లలో దాదాపు ప్రతి ఇంట్లో ఉంటాయి. ఏఎన్ఎం ఇచ్చిన ఎర్ర మాత్రలు, స్కూల్లో అమ్మాయిలకిచ్చిన నీలం మాత్రలు. “రక్తానికి మంచివే కదా, రోజూ ఒకటి వేసుకో పెద్దమ్మా” అని ఇచ్చేస్తాం. కానీ మెథోట్రెక్సేట్ మీద ఉన్న మనిషి సొంతంగా ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే మందు పని తగ్గొచ్చు. కెపసిటాబిన్ లాంటి మాత్రల కీమోలో ఉంటే దుష్ప్రభావాలు పెరగొచ్చు. కొన్ని కీమోల్లో డాక్టర్లే ఫోలిక్ యాసిడ్ రాస్తారు, అది వేరే సంగతి. ఇంట్లో ఉన్న మాత్రని ఫొటో తీసి, వేసుకునే ముందు డాక్టరుకి చూపించండి. అంతే పని.

మరి ఏం చేస్తారు?

ముందు కారణం వెతుకుతారు. ఫెర్రిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్, బీ12 లాంటి పరీక్షలు రాస్తారు. ఇందులో ఒక తిరకాసు ఉంది. ఒంట్లో ఐరన్ నిల్వని చెప్పే ఫెర్రిటిన్, క్యాన్సర్ ఉన్నప్పుడు వాపు వల్ల మామూలుగానో ఎక్కువగానో కనిపించొచ్చు. దాన్నొక్కదాన్నే గూగుల్ చేసి “ఐరన్ బాగానే ఉంది” అని మీరే తేల్చేయొద్దు.

ఐరన్ లోపం తేలితే మాత్రలు, లేదా సెలైన్‌లో కలిపి నరానికి ఎక్కించే ఐరన్ ఇస్తారు. బీరువా తాళం పడినవాళ్లకి చాలాసార్లు నరానికిచ్చేదే మేలు. మాత్రలైతే టీతో వేసుకోకూడదు, టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. నిమ్మరసం, ఉసిరి సాయపడతాయి. మాత్రల వల్ల విరేచనం నల్లగా రావడం మామూలే. కానీ తారులా జిగటగా, చెడు వాసనతో వస్తే లోపల రక్తం పోతోందేమోనని అనుమానించాలి.

ఎరిత్రోపోయెటిన్ ఇంజెక్షన్ల గురించి కూడా వింటారు. వాటితో హిమోగ్లోబిన్ పెరిగినప్పుడు రోగుల రోజువారీ బతుకు మెరుగైందని, ముఖ్యంగా 12 దరిదాపులకి చేరేటప్పుడు ఆ తేడా బాగా తెలుస్తోందని 2002లో ఒక పరిశోధన చెప్పింది. అందరూ సంబరపడ్డారు. తర్వాతి పరీక్షల్లో కొందరిలో రక్తం గడ్డకట్టడం, గడ్డలు పెరగడం, ఆయుష్షు తగ్గడం కనిపించింది. 2007లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గట్టి హెచ్చరిక వేయించింది. ఇప్పుడు జబ్బు పూర్తిగా నయం చేయడానికి ఇచ్చే కీమోలో వీటిని వాడరు. మిగతావాళ్లకైనా హిమోగ్లోబిన్ 10 కంటే తగ్గాకే ఆలోచిస్తారు. మెడికల్ షాపులో తెలిసినవాళ్లు ఉన్నారు కదా అని కొనుక్కొచ్చి పొడిపించుకునే మందు కాదది.

ఇక రక్తం ఎక్కించడం. సాధారణంగా 7–8 కంటే తగ్గినప్పుడు, లేదా ఆయాసం, గుండెదడ బాగా ఉన్నప్పుడు ఎక్కిస్తారు. ఒక సంచీకి సుమారుగా 1 పెరుగుతుంది. ఆ రోజు సాయంత్రానికో మర్నాటికో పెద్దమ్మ “కాస్త నయంగా ఉందిరా” అంటుంది. మొహంలో తేడా మీకే కనిపిస్తుంది. అయితే ఆ ఓపిక కొన్ని వారాలదే, కారణం అలాగే ఉంటే మళ్లీ తగ్గుతుంది.

కూర్చున్నా ఆయాసం రావడం, గుండెల్లో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, ఆగకుండా రక్తం పోవడం. వీటిల్లో ఏది కనిపించినా వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. అగనంపూడి దాకా వెళ్లాలని కూడా చూడొద్దు, ముందు నర్సీపట్నం ఏరియా ఆస్పత్రికి వెళ్లిపోండి.

వచ్చే ప్రయాణానికి ముందు

కీమోకి రెండు రోజుల ముందు నర్సీపట్నంలోనే సీబీపీ చేయించుకుని రిపోర్టు చూపిస్తే సరిపోతుందా అని మీ ఆస్పత్రిలో అడగండి. ఒప్పుకుంటే, తక్కువగా ఉన్న సంగతి బస్సెక్కకముందే తెలుస్తుంది.

ఫోన్లో ఒక నోట్ తెరిచి ప్రతి రిపోర్టులో హిమోగ్లోబిన్ ఎంతో తేదీతో సహా రాసుకోండి. 10.4, 9.6, 8.7 అని వరసగా కిందికి జారడం ఒక్క చూపులో కనిపిస్తుంది. ఏ ఒక్క రిపోర్టూ విడిగా ఆ మాట చెప్పదు. దాని కిందే ఇంట్లో చూసినవి కూడా రాయండి. పోయిన నెల వీధి చివర గుడి దాకా నడిచేది, ఇప్పుడు గుమ్మం దాటడం లేదు. స్నానం మధ్యలో కూర్చుండిపోయింది. డాక్టరుగారికి “నీరసంగా ఉందండీ” అనే మాటకంటే ఇవి చాలా ఎక్కువ చెబుతాయి. పెద్దమ్మ ఎలాగూ “బాగానే ఉన్నాను బాబూ” అనే అంటుంది, పక్కన మీరుండాలి.

హిమోగ్లోబిన్ సరిగ్గానే ఉండి కూడా ఓపిక లేకపోతే నిద్ర, దిగులు, థైరాయిడ్ సంగతి చూడమని అడగండి. డాక్టరు ఒప్పుకుంటే రోజూ కాస్త నడిపించండి. వింతగా అనిపిస్తుంది గానీ, క్యాన్సర్ అలసట తగ్గించడంలో తేలికపాటి వ్యాయామం పనిచేస్తుందని పరిశోధనలు గట్టిగా చెబుతున్నాయి. రోజంతా మంచం మీదే ఉంచడం ప్రేమే కావచ్చు, కండలు మాత్రం కరిగిపోతాయి.

రక్తం అవసరమైన రోజున ఫ్యామిలీ గ్రూపులో “అర్జెంట్, ఓ నెగటివ్” అని మెసేజ్ పెట్టి కూర్చోవడం కంటే ముందే చూసుకోవడం నయం. ఈ-రక్తకోశ్ పోర్టల్‌లో దగ్గర్లోని బ్లడ్ బ్యాంకుల్లో ఏ గ్రూపు ఎంత ఉందో చూడొచ్చు. మీకు 18 దాటి, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉంటే మీరూ ఇవ్వొచ్చు. మగవాళ్లు 3 నెలలకోసారి, ఆడవాళ్లు 4 నెలలకోసారి. ఇవ్వడానికి వెళ్లిన అమ్మాయిల్లో కొందరిని 12.5 లేదని వెనక్కి పంపేస్తారు. అలా పంపేస్తే చిన్నబుచ్చుకోకండి. ఆ అంకె రాసుకుని, పెద్దమ్మని డాక్టరుకి చూపించేటప్పుడు మీది కూడా చూపించండి.